సగానికి కోసిన ఇంజన్, మడిచిపెట్టే రెక్కలు

ఎవురికైనా టైమ్ ఉంటే ఒక పని చేయండి, మ్యాప్ తీసి బళ్ళారి మీద ఒక చుక్క, మద్రాసు మీద ఒక చుక్క పెట్టి స్కేలుతో నేరుగా గీత గీయండి. ఆ గీత పోయేది మన తిరుపతి మీదుగానే. నేనెందుకు గీసినానంటే, 1932 అక్టోబర్‌లో టాటా వాళ్ళ మొట్టమొదటి ఎయిర్ మెయిల్ నడిచింది చూడండి, 15వ తేదీ జె.ఆర్.డి. టాటా కరాచీలో ఉత్తరాల మూట వేసుకుని లేచి అహ్మదాబాద్‌లో పెట్రోల్ పోయించుకుని బొంబాయిలో దిగినాడు, ఆడి నించి ఆయన పార్ట్‌నర్ నెవిల్ విన్సెంట్ బళ్ళారి దాకా వచ్చి, రాత్రి అక్కడే ఆగి, మరుసటి రోజు మద్రాసు చేరినాడు. నాలుగొందల కిలోమీటర్ల చిల్లర దూరం. అప్పట్లో ఆ సైజు విమానాల్లో రేడియో గీడియో ఏమీ లేదు, పైలెట్లు కింద రైలు పట్టాలు చూసుకుంటా పోవడం మామూలే. నేరుగా వస్తే తిరుపతి, పట్టాలెంట వస్తే గుంతకల్లు, కడప, కోడూరు, రేణిగుంట, పుత్తూరు. ఎట్లా పోయినా మన పక్కనించే. కొండ మీదుగా విమానాలు తిరగకూడదని ఇప్పుడు మనోళ్ళు ఢిల్లీకి లెటర్లు రాస్తా ఉండారు గానీ, 1932లో ఆ మాట అడగాలని కూడా ఎవరికీ తట్టుండదు.

ఆ మెయిల్ మోసిన విమానం పేరు పస్ మాత్. అది చెప్పాలంటే ముందు దాని అక్క గురించి చెప్పాల, ఈ పోస్ట్ అసలు అక్క గురించే. డీహెచ్ 60 మాత్, 1925. డీహెచ్ అంటే డి హావిలాండ్, చేసిన కంపెనీ పేరు, మాత్ అంటే ఇంగ్లీషులో చిమ్మట. మామూలు మనుషులు సొంతంగా కొనుక్కుని, సొంతంగా నడుపుకుని, ఇంటికాడ పెట్టుకోడానికి చేసిన తొలి విమానాల్లో నిజంగా జనం చేతికి పోయింది ఇదే అని నా అభిప్రాయం. అంతకుముందు ప్రయత్నాలు లేవని కాదు, ఉన్నాయి, నిలవలేదు.

ఎందుకు నిలవలేదో చెప్తా. 1923లో ఇంగ్లాండ్‌లో లింప్నే అనే చోట చిన్న విమానాల పోటీ పెట్టినారు, ఇంజన్ 750 సీసీ దాటకూడదని రూలు. అంటే మోటర్ సైకిల్ ఇంజన్‌తో విమానం. మైలేజీ అదిరిపోయింది, గ్యాలన్‌కి 87.5 మైళ్ళు ఇచ్చినవి ఉన్నాయి, మన లెక్కలో లీటరుకి 31 కిలోమీటర్లు, ఇప్పటి కార్లే అంత ఇవ్వవు. కానీ అట్లాంటిది రోజూ నడిపేదానికి పనికిరాదు. కొంచెం ఎదురుగాలి కొడితే ముందుకు పోదు, ఇద్దరు కూర్చోలేరు, ఇంజన్ ఎప్పుడు చస్తాదో తెలీదు. జెఫ్రీ డి హావిలాండ్ అనే ఆయన కంపెనీ కూడా ఆ పోటీకి డీహెచ్ 53 అని ఒక బుజ్జి విమానం చేసింది, మంచిదే, చూడ్డానికి ముద్దుగా ఉంటాది, కానీ ఆయనకే అర్థమైపోయింది ఇది ఆట వస్తువు అని.

తర్వాత 1924లో ఇంకోవైపు పోయినాడు. మొదటి యుద్ధం అయిపోయినాక మిగిలిపోయిన 90 హార్స్ పవర్ ఇంజన్లు కారుచౌకగా దొరుకుతా ఉంటే దాంతో డీహెచ్ 51 అని కొంచెం పెద్ద విమానం కట్టినాడు. ఆ ఇంజన్‌కి ఇగ్నిషన్, అంటే పెట్రోల్‌ని మండించే స్పార్క్ ఏర్పాటు, ఒకటే సెట్టు ఉండాది, రెండు లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వమని గవర్నమెంటోళ్ళు అడ్డం పడినారు. సరే అని వేరే ఇంజన్ వేస్తే రేటు ఎగిరిపోయింది. మొత్తం మూడే చేసినారు. చిన్నది చేస్తే దమ్ము లేదు, పెద్దది చేస్తే జేబుకి చిల్లు. మధ్యలో 60 హార్స్ పవర్ ఇంజన్ ఒకటి కావాల. అట్లాంటి ఇంజన్ బజార్లో లేదు.

ఇక్కడ వస్తాడు ఫ్రాంక్ హాల్‌ఫోర్డ్. ఈ కథలో నా హీరో ఈయనే. యుద్ధం సరుకు అమ్మే ఎయిర్‌డిస్కో అనే కంపెనీకి ఇంజన్ల పని చేసేవాడు. వాళ్ళ గోడౌన్లలో పాత రెనో వీ8 ఇంజన్ల సామాను గుట్టలుగా పడి ఉండాది, ఎనిమిది సిలిండర్లు, ఒకపక్క నాలుగు ఇంకోపక్క నాలుగు, గాలితో చల్లబడే రకం. ఆయన ఏం చేసినాడంటే ఒకపక్క నాలుగు సిలిండర్లు తీసి, వాటికి కొత్తగా క్రాంక్ కేసు, అంటే కింద ఇరుసు తిరిగే డొప్ప, చేసి, ఒకే వరసలో నిలబెట్టినాడు. సిలిండర్లు, లోపలి సామాను చాలావరకు పాతవే, గోడౌన్‌లోవే. 4.5 లీటర్ల ఇంజన్, 60 హార్స్ పవర్. పేరు సిర్రస్. కొత్త ఇంజన్ మొదట్నించి డిజైన్ చేసి అచ్చులు పోసి ఉంటే ఎన్నేళ్ళు పట్టేదో, ఎంత అయ్యేదో, ఆ ఖర్చు పడుంటే ఈ విమానం పుట్టేదే కాదు.

మా మామకి రేణిగుంట రోడ్డులో లేత్ వర్క్స్ ఉండాది, బోర్ మోటర్లు, ట్రాక్టర్ ఇంజన్లు వస్తా ఉంటాయి రీబోరింగ్‌కి. ఆయనకి ఈ సంగతి చెప్తే పని ఆపి, "సగానికి కోసినారా? మరి బ్యాలెన్సు?" అన్నాడు. విమానం గురించి ఒక్క ప్రశ్న లేదు. నాలుగు సిలిండర్లు వరసలో పెడితే క్రాంక్ ఎట్లా తిరగాల, షేక్ ఎంత వస్తాది, హెడ్డుకి గాలి యాడనించి పోతాది, వెనకున్న నాలుగో సిలిండర్‌కి గాలి తగలకపోతే కాలిపోతాది కదరా అల్లుడూ, అని అరగంట పీకినాడు. అదీ పాయింటే, వరస ఇంజన్‌ని గాలితో చల్లబరచడం తేలిక కాదు, పక్కనించి రేకు డొప్ప వేసి గాలిని ఒక్కో సిలిండర్ మీదికి మళ్ళించాల. ఆ మాట చెప్తే "ఆఁ అట్లనా, అయితే సరే" అని మళ్ళీ లేత్ ఆన్ చేసినాడు.

1925 ఫిబ్రవరి 22న లండన్ పక్కన స్టాగ్ లేన్ అనే చోట డి హావిలాండ్ స్వయంగా కూర్చుని మాత్‌ని మొదటిసారి ఎగరేసినాడు. రెండు రెక్కల వరసలు, పైన ఒకటి కింద ఒకటి, బాడీ చెక్క ఫ్రేము మీద ప్లైవుడ్, రెక్కలకి గుడ్డ కట్టి, అది బిగుసుకునేదానికి డోపు అనే పూత. ముందొకరు వెనకొకరు ఇద్దరు కూర్చోవచ్చు, పైన కప్పు లేదు, గాలి మొహానికి కొడతానే ఉంటాది. పెట్రోల్ ట్యాంకు ఎక్కడుండాదంటే పై రెక్క మధ్యలో, మన నెత్తి మీద, 15 గ్యాలన్లు, అంటే 68 లీటర్లు. పైనుంచి కిందికి దానంతట అదే దిగుతాది, పంపు అక్కర్లేదు. పంపు లేకపోతే పంపు చెడిపోయే సమస్యే లేదు కదా. ఈ విమానం మొత్తం ఇదే లెక్కలో ఉంటాది, లేకుండా గడిచేది ఏదీ పెట్టలేదు. చక్రాలకి బ్రేకులు లేవు, వెనకాల తోకకి చక్రం లేదు, ఒక కొయ్య లాంటిది నేల మీద ఈడ్చుకుంటా పోతాది, గడ్డి మైదానంలో దిగితే అదే బ్రేకు. సెల్ఫ్ స్టార్ట్ లేదు, ముందు ఒకరు నిలబడి ఫ్యాను చేత్తో తిప్పాల, లోపలున్నాయన స్విచ్ వేయాల. గురువు శిష్యుడితో మాట్లాడాలంటే రబ్బరు గొట్టం, డాక్టర్ స్టెతస్కోప్ మాదిరి, ఒకాయన ఇటు అరిస్తే ఇంకొకాయనకి చెవిలో వినిపిస్తాది.

ఇంక రెక్కలు. రెండు పక్కలా పిన్నులు తీసేసి రెక్కల్ని వెనక్కి తిప్పి బాడీకి ఆనించి పెట్టేయొచ్చు, అప్పుడు దాదాపు 30 అడుగుల వెడల్పు విమానం ఒక లారీ పట్టేంత సందులో పట్టేస్తాది. కారు వెనక కట్టి లాక్కుని పోయి ఇంటికాడ షెడ్డులో పెట్టుకోవచ్చు. డి హావిలాండ్‌కి పురుగులు, సీతాకోకచిలుకలు అంటే పిచ్చి, ఆ మడిచిన రెక్కలు చూసే చిమ్మట పేరు పెట్టినాడు, తర్వాత వచ్చిన వాటికి కూడా అదే వరస, పస్ మాత్, లెపర్డ్ మాత్, టైగర్ మాత్. ఈ మడత విషయాన్ని చాలామంది వింత కింద చెప్పి వదిలేస్తారు, నాకు మాత్రం ఇందులో అసలు తెలివి కనిపిస్తాది. విమానం కొనడం ఒక ఖర్చు, దాన్ని పెట్టుకోడానికి హ్యాంగర్ అద్దె ఇంకో ఖర్చు, ఆ రెండోది నెల నెలా తినేస్తాది. పెళ్ళికి కారు కొనిచ్చి, ఇంటి ముందు సందులోకి అది దూరకపోతే బయట నెలకింత అని పార్కింగ్ కట్టుకునే మనోళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

సరే రేటు. మొదట్లో 885 పౌండ్లు, తర్వాత తగ్గుతా వచ్చి జిప్సీ ఇంజన్ వేసిన మోడల్ 650 పౌండ్లకి దొరికింది. అప్పుడు రూపాయికి 1 షిల్లింగ్ 6 పెన్నీలు కాబట్టి పౌండ్ అంటే 13 రూపాయల చిల్లర, 650 పౌండ్లంటే 8,600 రూపాయల పైన. అప్పుడు మన జిల్లాలో ఆ డబ్బుకి ఎన్ని ఎకరాల మాగాణి వచ్చేదో మీ తాతల్ని అడగండి. ఇంగ్లాండ్‌లోనే ఒక చిన్న ఆస్టిన్ కారు 130 పౌండ్ల చుట్టూ ఉండింది, అంటే ఈ విమానం ఐదు కార్ల రేటు. "సామాన్యుడి విమానం" అని పుస్తకాల్లో రాస్తారు చూడండి, నాకు అక్కడే కోపం వస్తాది, సామాన్యుడు యాడ కొన్నాడు? కొన్నది డాక్టర్లు, ఫ్యాక్టరీ ఓనర్లు, జమీందారు బాపతు, చివరికి ఇంగ్లాండ్ యువరాజు కూడా ఒకటి కొన్నాడు.

మరి సామాన్యుడు ఎగిరింది ఎట్లా అంటే క్లబ్బులు. సర్ సెఫ్టన్ బ్రాంకర్ అని అక్కడ సివిల్ ఏవియేషన్ డైరెక్టర్, ఆయన పట్టుబట్టి 1925లో ఐదు ఫ్లయింగ్ క్లబ్బులకి గవర్నమెంట్ డబ్బులు ఇప్పించినాడు, ఆ క్లబ్బులు కొన్నది మాత్‌లనే. విమానం క్లబ్బుది, మీరు గంటకింత అని కట్టి నేర్చుకుంటారు. అదీ లెక్క. సొంతానికి కొనలేనిది పదిమంది పంచుకుంటే అందుతాది. నా లెక్కలో మాత్ చౌక అయ్యింది ఫ్యాక్టరీ రేటు వల్ల కాదు, క్లబ్బు వల్ల. ఇదే పద్ధతి మన దగ్గరికి కూడా వచ్చింది, 1928 ప్రాంతంలో బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, కరాచీల్లో క్లబ్బులు, తర్వాత మద్రాసులో. జె.ఆర్.డి.కి లైసెన్స్ వచ్చింది 1929 ఫిబ్రవరి 10న, బొంబాయి క్లబ్బులో నేర్చుకుని, లైసెన్స్ మీద నంబర్ 1.

జిప్సీ ఇంజన్ అన్నా కదా, అదెందుకు వచ్చిందో కూడా తమాషా. సిర్రస్ పాత సామానుతో చేసింది, మాత్‌లు ఎంత బాగా అమ్ముడుపోయినాయంటే గోడౌన్‌లో యుద్ధం నాటి సామాను అయిపోతా వచ్చింది! చౌక అయ్యేదానికి కారణమైన గుట్ట కరిగిపోయింది. అప్పుడు డి హావిలాండ్ మళ్ళీ హాల్‌ఫోర్డ్‌నే పిలిచి మా కంపెనీలోనే కొత్త ఇంజన్ చెయ్యి అన్నాడు. 1928కి 100 హార్స్ పవర్ జిప్సీ రెడీ. దాన్ని ఎంత నమ్ముకున్నారంటే ఒక ఇంజన్‌కి సీలు వేసి, లోపల ఏదీ విప్పకుండా 600 గంటలు ఎగరేసి, తర్వాత విప్పి చూస్తే మార్చాల్సి వచ్చిన సామాను ఖర్చు ఏడు పౌండ్ల చిల్లర. మామ ఈ ముక్క మాత్రం నమ్మలేదు, కంపెనీ వాళ్ళు చెప్పేది అంతేలే అన్నాడు.

ఈ బుడ్డ విమానాలతో ఎంత దూరం పోయినారో చూస్తే పిచ్చి పడతాది. 1926 నవంబర్‌లో స్టాక్, లీట్ అని ఇద్దరు చెరో మాత్ వేసుకుని లండన్‌లో లేచి జనవరికి కరాచీలో దిగినారు. ఎమీ జాన్సన్ అయితే ఒక లాయర్ ఆఫీసులో టైపిస్ట్. లండన్ క్లబ్బులో డబ్బు కట్టి నేర్చుకుంది, ఇంజన్ విప్పి బిగించే మెకానిక్ లైసెన్స్ కూడా తీసుకుంది, 600 పౌండ్లు పెట్టి సెకండ్ హ్యాండ్ జిప్సీ మాత్ కొని (నాన్న కొంత, లార్డ్ వేక్‌ఫీల్డ్ అనే ఆయిల్ కంపెనీ ఆయన కొంత ఇచ్చినారు) 1930 మే 5న ఒంటరిగా ఆస్ట్రేలియాకి బయల్దేరింది. ఆరు రోజుల్లో కరాచీ. తర్వాత అలహాబాద్ పోవాల్సింది, పెట్రోల్ చాలక ఝాన్సీలో మిలిటరీ పరేడ్ గ్రౌండ్‌లో దించేసింది, సిపాయిలు అటూ ఇటూ పరుగో పరుగు. రెక్క దెబ్బతింటే అక్కడే బాగుచేయించుకుని మళ్ళీ లేచింది. రంగూన్ దగ్గర ఇన్సీన్‌లో ఒక ఆటల మైదానంలో దిగి గుంతలో పడింది, అప్పుడు రెక్కలకి వేసేదానికి గుడ్డ లేకపోతే, యుద్ధంలో మిగిలిన విమానం గుడ్డతో కుట్టించుకున్న చొక్కాలు అక్కడ దొరికినాయంట, అవి చించి అతికించినారు! చెక్క, గుడ్డ, జిగురు కాబట్టే సరిపోయింది, ఇదే ఇప్పటి విమానం అయ్యుంటే పార్టు వచ్చేదాకా అక్కడే కూర్చోవాల. మే 24న డార్విన్ చేరింది. ఆ విమానం ఇప్పటికీ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉండాది.

అదే నెలలో మనోళ్ళ కథ ఇంకోటి జరిగింది, నాకు ఎమీ కంటే ఇదే ఎక్కువ ఇష్టం. ఇంగ్లాండ్ నించి ఇండియాకి గానీ ఇక్కడ నించి అక్కడికి గానీ ఒంటరిగా, నెల రోజుల లోపల ఎగిరిన మొదటి భారతీయుడికి ఆగాఖాన్ 500 పౌండ్లు ప్రైజ్ పెట్టినాడు. ముగ్గురు దిగినారు, ముగ్గురివీ జిప్సీ మాత్‌లే. మన్‌మోహన్ సింగ్, ఆయన విమానం పేరు మిస్ ఇండియా. ఆస్పీ ఇంజనీర్, వయసు 17. మూడో ఆయన జె.ఆర్.డి. ఆస్పీ లండన్ నించి ఇటు వస్తా ఉండాడు, జె.ఆర్.డి. కరాచీ నించి అటు పోతా ఉండాడు, ఇద్దరూ ఈజిప్టులో అబూకిర్ అనే చోట కలిసినారు. చూస్తే ఆస్పీ దిక్కుతోచక కూర్చోనుండాడు, స్పార్క్ ప్లగ్గులు పోయినాయి, స్పేర్ లేవు. జె.ఆర్.డి. తన స్పేర్ ప్లగ్గులు తీసి ఇచ్చినాడు. ఎవరికి ఇస్తా ఉండాడు, పోటీలో తనని ఓడించబోయే పిల్లోడికి. ఆస్పీ ఆ ప్లగ్గులు బిగించుకుని మే 11న కరాచీ చేరి కొద్ది తేడాతో గెలిచేసినాడు. మన్‌మోహన్ సింగ్‌కి దారిలో ఆలస్యమై నెల గడువు దాటిపోయింది, పాపం. ఆ 17 ఏళ్ళ పిల్లోడే 1960 డిసెంబర్‌లో మన ఎయిర్ ఫోర్స్‌కి చీఫ్ అయినాడు.

మన మాదిరి ఎండలు, వానలు ఉండే దేశాల్లో ప్లైవుడ్ బాడీ తట్టుకోలేదు, జిగురు వదిలేస్తాది, అందుకని స్టీల్ గొట్టాల ఫ్రేముతో ఇంకో మోడల్ తెచ్చినారు, బరువు కొంచెం పెరిగింది గానీ బయటి దేశాల్లో అదే బాగా పోయింది. అన్ని రకాలూ కలిపితే ఈ మాత్‌లు దాదాపు 2,000 తయారైనాయి. లాహోర్‌లో సరళా తక్రాల్ అని 21 ఏళ్ళ అమ్మాయి, అప్పటికే నాలుగేళ్ళ కూతురు, 1936లో చీర కట్టుకునే జిప్సీ మాత్ ఒంటరిగా ఎగరేసింది. కప్పు లేని విమానంలో ఆ గాలికి చీరని ఎట్లా సర్దుకుందో మా అమ్మ అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

పస్ మాత్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. కప్పు ఉన్న క్యాబిన్, ఒకే వరస రెక్కలు, స్పీడు ఎక్కువ, తడవకుండా పోవచ్చు. మొదట్లో కొన్ని గాల్లోనే రెక్క విరిగి పడిపోయినాయి, తర్వాత రెక్కల ఊతకర్రలు సరిచేసినారు. ఉత్తరాలు మోసేదానికి సరిగ్గా సరిపోయింది. ఇక్కడ ఒక విషయం, తిరుమలే సముద్ర మట్టానికి 850 మీటర్ల పైన ఉండాది, ఆ చుట్టు కొండలు ఇంకా ఎత్తు, కడప వైపు నించి వచ్చేవాడికి మబ్బు పట్టి ఉంటే ఒక్క ఇంజన్‌తో, రేడియో లేకుండా మన శేషాచలం దాటడం ఆషామాషీ కాదు.

ఇంకో చెల్లెలు టైగర్ మాత్, 1931. జిప్సీ మాత్‌లో ముందు సీటు సరిగ్గా పై రెక్క కింద ఉంటాది, పారాచూట్ కట్టుకుని దూకాలంటే నెత్తికి రెక్క అడ్డం, మిలిటరీ వాళ్ళకి అది కుదరదు. అందుకని పై రెక్కని ముందుకి జరిపినారు, జరిపితే బ్యాలెన్స్ తప్పింది, మళ్ళీ రెక్కల కొసల్ని వెనక్కి వంచినారు, ఈ తిప్పల్లో మడత పోయింది. 8,000 పైన తయారైంది, రెండో యుద్ధంలో పైలెట్లు దీని మీదే నేర్చుకున్నారు, మనోళ్ళు కూడా. యుద్ధం అయిపోయినాక అవి చిల్లర రేటుకి అమ్మేస్తే న్యూజిలాండ్‌లో ముందు సీటు తీసి డబ్బా పెట్టి కొండ పొలాల మీద ఎరువు చల్లినారు. ఈ మాట చెప్పినాక గానీ మా మామకి విమానం మీద ఇంట్రెస్ట్ రాలేదు. "మన పుత్తూరు తోటకి మందు కొట్టేదానికి పనికొస్తాదా, డ్రోన్ వాడు ఫోన్ ఎత్తడంలేదు" అంటాడు.